నమూనా చేనిలో తెంచిన కట్ట

భూసంరక్షణ ఆఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా చేనికి అడ్డంగా ఉన్న మట్టికట్టను తమ ఆఫీసువారు తెంచి వదిలేసినందున, వాన పడేలోగా దానిని నేనే పూడ్చుకొనుటకు అనుమతి ఇప్పించవలెనని ప్రార్థన.

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నేను పెద్దగా చదువుకున్నదానను కాను. ఈ అర్జీ నా చేత్తోనే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి. మబ్బు పట్టింది గనుక కాస్త తొందరగా చదవండి.

1. వాలుగా ఉన్న నా చేనిలో తమరు కట్ట వేయించి, దాని మీద గడ్డి నాటించి, అడుగున నీటిగుంట తవ్వించిన మాట వాస్తవం. దానివలన మేలు జరిగిన మాట కూడా వాస్తవం. ఆ ఏడు వాన వెలిసి చాలా రోజులైనా మట్టి పిడికిట్లో ముద్ద కట్టింది. జొన్న నడుమ ఎండిపోకుండా కంకి దాకా వచ్చింది. ఇది నాకు ఎవరో నేర్పిన మాట కాదు.

2. అది చూసి నా చేనును నమూనా చేను చేసినారు. "నేలను కాపాడుకుందాం" అని పెద్ద రేకు బోర్డు పాతినారు. రైతులను బస్సులో తెచ్చి చూపించుట మొదలైనది. ఊరికే కట్ట చూపిస్తే ఎవరికీ నమ్మకం కుదరటం లేదని, తమ క్షేత్ర సహాయకుడు కట్టను ఒకచోట తెంచి, పైనుంచి ట్యాంకరు నీళ్ళు వదిలి, మట్టి ఎలా కొట్టుకుపోతుందో చూపించినాడు. తరువాత గండి పూడ్చి, మళ్ళీ నీళ్ళు వదిలి, ఎలా ఆగుతుందో చూపించినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. పోయింది నా మట్టి అయ్యా. చప్పట్లు ఎందుకో నాకు అర్థం కాలేదు.

3. అప్పటినుండి బస్సు వచ్చినప్పుడల్లా కట్ట తెంచుట, పూడ్చుట. ఈమధ్య పూడ్చుట కూడా మానేసినారు. మళ్ళీ బస్సు వస్తే మళ్ళీ తవ్వాలి కదా, అలాగే ఉండనీ అన్నారు. గండికి అటూ ఇటూ రంగుతాడు కట్టినారు. మనిషి దూరేంత గండి ఇప్పుడు ఎద్దు దూరేంత అయినది. నేలను కాపాడటం నేర్పడానికి ఒక ముసలిదాని నేలను నీళ్ళపాలు చేయాలా? తలుచుకుంటేనే అసహ్యం వేస్తున్నది. ఈ మాట కొట్టివేద్దామనుకున్నాను. కొట్టివేయటం లేదు.

4. నా చేని కింద చేను నా మరిదిది. నా మట్టంతా అక్కడికే చేరుతున్నది. మొన్న గట్టు మీద నిలబడి, "వదినా, మీ ఆఫీసువాళ్ళు చల్లగా ఉండాలి. నువ్వు తోలిన ఎరువు కూడా నాకే దిగింది. మళ్ళీ బస్సెప్పుడు?" అని అడిగినాడు.

"సిగ్గు లేదూ నీకు?" అన్నాను.

"నేనేం చేశాను వదినా? నా మానాన నేను కూర్చున్నాను. నీ చేనే నడిచొచ్చింది" అని పళ్ళికిలించినాడు.

నా చేని పైభాగాన ఇప్పుడు రాయి తేలింది.

5. బస్సు దిగినవారు ఎవరడిగినా "చాలా లాభం" అని చెప్పమని సహాయకుడు చెప్పినాడు. అలాగే చెప్పినాను. పోయినసారి ఒక ఆడమనిషి నన్ను పక్కకు పిలిచి, "కట్ట మంచిదేనమ్మా, కళ్ళారా చూశాను. మరి మేం వేసుకుంటే మాదీ ఇలాగే వచ్చి తెంచుతారా?" అని అడిగింది. తెంచరమ్మా అని చెప్పటానికి నాకు నోరు రాలేదు. ఆమె బస్సెక్కి పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ నా గండి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. రైతులకు తమరిస్తున్న ప్రోత్సాహం ఇదీ.

6. నిన్న సహాయకుణ్ణి పట్టుకొని, "బాబూ, మబ్బులు కమ్ముతున్నాయి. నా కట్ట నేను పూడ్చుకుంటాను" అన్నాను.

"అది ప్రదర్శన గండి మామ్మా, ముట్టుకోకూడదు."

"మరి వాన ముట్టుకుంటే?"

"వానకి మనమేం చెప్తాం? నువ్వైతే అర్జీ రాసివ్వు. పైవాళ్ళు సరేనంటే పూడ్చుకుందువు గాని."

పైవారు సెలవులో ఉన్నారట. బస్సు వాయిదా పడిందట. వానను కూడా వాయిదా వేయించారా నాయనా అని అడగబోయి ఊరుకున్నాను.

అయ్యా, నాకు మొదటినుంచీ ప్రతిదానికీ బెంగే. పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారినుంచి తిరిగొచ్చేదాన్ని. అందుకే నన్ను బెంగమ్మ అంటారు. కానీ ఇది ఉత్త బెంగ కాదు. మిగిలిన ఆ కాస్త మట్టీ ఈ వానకు పోతే నేను విత్తనం రాతి మీద చల్లుకోవాలి. కోడలు పార పట్టుకొని గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, మీరు రాస్తూ కూర్చోండి, అది పోతూ ఉంటుంది" అంటున్నది. గవర్నమెంటు గండి కదా అని భయపడి నేనే ఆపాను.

కావున గండి పూడ్చుకొనుటకు నాకు సెలవు ఇప్పించి, ఇకమీదట వచ్చే రైతులకు తెగని కట్టనే చూపించవలెను. తెంచి చూపించక తప్పదంటే తమ ఆఫీసు ముందర పూలమొక్కలున్న జాగా వాలుగానే ఉన్నది. ఇదివరకు వచ్చినప్పుడు చూశాను.

తమరు చిత్తగించి, చినుకు పడేలోగా బదులిప్పించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
నమూనా చేను బెంగమ్మ
(అసలు పేరు తమ బోర్డు మీద ఉన్నది)

తా.క.: సంతకం ఆరకముందే వాన అందుకున్నది. నేనూ కోడలూ పరుగెత్తినాము. ఎంత మట్టి వేసినా నిలవలేదు, వేసింది వేసినట్టే పోయింది. ఇక గత్యంతరం లేక తమ బోర్డును పీకి గండికి అడ్డంగా పెట్టి, వెనక రాళ్ళూ మట్టీ పోసి తొక్కినాము. నీళ్ళు ఆగినవి. అక్షరాలు చెరిగిపోతే ఏమంటారో అని బోర్డుకు పాత చీర చుట్టబోయాను. "ఉండనీండి అత్తయ్యా, పాతిన దగ్గర్నుంచి అది ఇవాళే పని చేస్తున్నది" అని కోడలు నా చెయ్యి పట్టుకున్నది.

బోర్డు కావాలంటే తమరే స్వయంగా రావలెను. కట్ట తెంచకుండా తీయగలిగితే తీసుకుపోండి.