సుగ్గికి ముందు ఆఫ్రికా

నవంబర్ 18

ఏడో తరగతికి ఆఫ్రికా మొదలుపెట్టాను. ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి ఈ పాఠాన్ని నిండు తరగతికి చెప్పి ముగించింది ఒక్క ఏడు కూడా లేదు. సగంలో ఉండగానే సుగ్గి వస్తుంది. ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలు వేసి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతుంది. వెంట పిల్లలు కూడా. అందుకే ఈసారి మధ్య పాఠాలు పక్కన పెట్టి ముందే తెరిచాను. హెడ్మాస్టర్ ఖాజా సార్ చూసి ఊరికే నవ్వారు. ఆయన ఇక్కడ నాకంటే ఎక్కువ సుగ్గులు చూశారు.

నవంబర్ 20

గోడ మీది మ్యాపులో ఈజిప్టు చూపిస్తుంటే రూతు లేచి నిలబడింది. చర్చిలో అయ్యగారు చెప్పే ఐగుప్తు ఇదేనా అని. ఇదే అన్నాను.

"అయితే అది నిజంగా ఉండాదా మేడం? ఆడ బస్సులు తిరుగుతాయా?"

తిరుగుతాయన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. నైలు నది కూడా ఎండాకాలంలో మన తుంగభద్ర మాదిరి బండలు తేలుతుందా అని ఇంకో ప్రశ్న. అంత ఎడారిలో పారే నది ఎండదంటే నమ్మలేదు. నేనైనా చూశానా?... పుస్తకంలో ఉంది, చెబుతున్నాను.

నవంబర్ 24

మనుషుల గురించి చెప్పే రోజు. ఏటా భయపడే రోజు. అక్కడివాళ్లు నల్లగా ఉంటారంట అని ఎవరో అన్నారు – వెనక బెంచీ మొత్తం రూతు వైపు తిరిగి నవ్వింది. మధ్యాహ్నం అన్నాల వేళకే ఆ పిల్లకు 'ఆఫ్రికా' అని పేరు పెట్టేశారు.

సాయంత్రం పీరియడులో ఫోనులో నైరోబీ చూపించాను. ఎత్తైన మేడలు, కార్లు, యూనిఫాంలో బడికి పోతున్న ఆడపిల్లలు. హైదరాబాదు చూపించి మోసం చేస్తున్నానన్నారు. రూతు మాత్రం ఫోను రెండు చేతులతో పట్టుకుని ఆ పిల్లల బూట్లే చూస్తూ ఉండిపోయింది.

నవంబర్ 27

గ్రౌండులో ఆఫ్రికా గీశాం. ముగ్గుపిండితో అంచులు. సహారాకు ఏటి ఇసుక. కాంగో అడవికి వేపాకు. నైలుకు బట్టలకు పెట్టే నీలం కలిపిన నీళ్లు – పోసిన చోటల్లా నేల తాగేస్తోంది. రూతు మళ్లీ మళ్లీ పోస్తుంది. చాలమ్మా అంటే వినదు.

నవంబర్ 29

జంతువులు. మన నల్లమలలో పెద్దపులి, అక్కడ సింహం. జిరాఫీ నీళ్లు తాగేటప్పుడు కాళ్లు ఎడం చేసి ఎలా వంగుతుందో చేసి చూపిస్తే అందరూ నేర్చుకున్నారు. పచ్చిక కోసం లక్షల పశువులు మందలుగా నదులు దాటి పోతాయని చెబితే – సుగ్గికా మేడం అని ఒకడు అడిగాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగిపోయాను.

డిసెంబర్ 3

మేస్త్రీ వచ్చి కూలీలను మాట్లాడుకుని పోయాడట. పిల్లల్ని వదిలివెళ్లే వాళ్ల కోసం పెట్టే హాస్టలు ఈ ఏడు తెరుస్తారో లేదో ఎవరికీ తెలియదు. మండలాఫీసులో అడిగితే చూద్దాం అన్నారు.

ఇల్లిల్లూ తిరిగాను. రూతు వాళ్లమ్మ సువార్తమ్మ గంపలు సర్దుతోంది. భర్త పోయి చాలా కాలం. రూతు తర్వాత ఒక చిన్నవాడు. పిల్లను ఉంచి వెళ్లమని, బాగా చదువుతుందని, ఇలాంటి పిల్ల నాకు ఎప్పుడో గానీ దొరకదని చెప్పాను. అన్నీ విన్నది.

"ఆడపిల్ల పెద్దదైంది మేడమ్మా. ఆడైతే నా కండ్ల ముందరుంటాది. ఈడ ఎవరి కండ్ల ముందర పెట్టిపోయేది?"

నా గదిలో ఉంచుకుంటానన్నాను. శనివారం మీరు మైదుకూరు పోతారు కదా, అప్పుడు? – చాలా మామూలుగా అడిగింది. మా ఇంటికే తీసుకుపోతానని చెప్పి వచ్చాను. రూతు గడప దగ్గర నిలబడి వింటూనే ఉంది.

డిసెంబర్ 4

మైదుకూరులో మా ఆయనకు ఫోను చేశాను. పసుపు కొట్టులో జనం ఉన్నట్టున్నారు, గొంతు తగ్గించి మాట్లాడారు. పిల్ల ఎవరని అడిగారు. చెప్పాను. చర్చి వాళ్లా అన్నారు.

"అమ్మ వంటింట్లోకి రానిస్తాదా చెప్పు. వసారాలో పండబెడితే నువ్వే ఓర్చుకోలేవు."

తప్పు మాట అనలేదు. చెడ్డ మాట కూడా అనలేదు. ఉన్న మాట అన్నారు.

డిసెంబర్ 5

సువార్తమ్మతో చెప్పడానికి పోయాను. ఇంట్లో వీలు కావడం లేదని మొదలుపెట్టానో లేదో, "కానీలే మేడమ్మా" అంది. ఎందుకని అడగలేదు. ముందే తెలిసినట్టుంది. నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. తాగాను. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

డిసెంబర్ 8

లారీ వచ్చింది. ఊళ్లో తిప్పడానికి జాగా లేక బడి గ్రౌండులోనే ఆపారు. చక్రాల కింద సహారా పోయింది, కింది భాగమంతా పోయింది. మంచాలు, బిందెలు, కోళ్లు, మేక ఒకటి. పిల్లలు పైకెక్కి నాకు చేతులూపుతున్నారు, తిరునాళ్లకు పోతున్నట్టు. రూతు ఊపలేదు. తమ్ముణ్ణి పట్టుకుని ఉంది. నా వైపు చూసిందో లేదో... దుమ్ము.

డిసెంబర్ 9

ముందు బెంచీ సగం. మిగతావి ఖాళీ. దక్షిణాఫ్రికా బంగారు గనుల గురించి చెప్పాను. ఎవరికి చెప్పానో.

జనవరి 24

సెలవు పెట్టి గుంటూరు అవతలికి పోయాను. ఆయనకు చెప్పలేదు. మేస్త్రీ నంబరు పట్టుకుని, బస్సులు మారి, చేను చేరేసరికి పొద్దు వాలింది. ఘాటు. ముక్కుకు కొంగు కట్టుకున్నా దగ్గు ఆగలేదు. వాళ్లు దగ్గడం లేదు.

చేను పక్కనే టార్పాలిన్ పట్టాల గుడారాలు. నన్ను చూసి పిల్లలందరూ పరుగెత్తుకొచ్చారు. రూతు నడిచి వచ్చింది. వేళ్లు వాచి ఉన్నాయి. బడి గురించి ఏమీ అడగలేదు. నేనే రమ్మన్నాను – హాస్టలు తెరిచారు, ఇప్పుడైనా రా అని. అది నిజమే, తెరిచారు. పడుకోవడానికి దుప్పట్లు ఇంకా రాలేదు. అది చెప్పలేదు.

"నేనొస్తే తమ్ముడు బడికి పోడు మేడం, వాడు కోయాల్సొస్తాది."

వాడు ఇప్పుడు మాత్రం ఏ బడికి పోతున్నాడు? ఆ మాట అడగలేకపోయాను. ఏడుస్తుందేమోనని ముఖం చూశాను.

"చేతులు మండుతాండాయి. కండ్లు తుడుచుకోకూడదు ఈడ," అంది. అంతే.

చీకటి పడేదాకా పిల్లల మధ్య కూర్చున్నాను. కాంగో అడవి గురించి చెప్పమన్నారు. ఎండ నేలకు దిగనంత చిక్కటి అడవి, రోజూ వాన. రోజూనా అన్నారు. రోజూ అన్నాను. సువార్తమ్మ అన్నం పెట్టింది. పొద్దున మొదటి బస్సుకు వచ్చేశాను. ఒంటరిగానే.

ఫిబ్రవరి 11

మేస్త్రీ ఫోను స్విచ్చాఫ్. మూడు రోజులుగా చేస్తున్నాను.

మార్చి 2

ఉన్నవాళ్లకు ఆఫ్రికా అయిపోయింది. పరీక్ష పెట్టాను. నైలు ఏ సముద్రంలో కలుస్తుంది? ఒకడు బంగాళాఖాతం అని రాశాడు. సగం మార్కు వేయబోయి కొట్టేశాను.

ఏప్రిల్ 6

ఈస్టరుకు కొందరు ఊరికి వచ్చారు. సువార్తమ్మ బడికి వచ్చింది, చిన్నవాణ్ణి వెంటబెట్టుకుని. రూతు ఏదంటే ఆడనే ఉండాది అంది. చాలాసేపు నిలబడి, చివరకు ఖాజా సార్‌తో చెప్పింది. మేస్త్రీ తమ్ముడికి పిల్లను ఇస్తున్నారట. అక్కడి చర్చి అయ్యగారు వయసు కాగితం చూపకుంటే పెళ్లి చేయనన్నారట. వయసు కొంచెం ఎక్కువేసి రాసియ్యండి సార్, అంది.

ఖాజా సార్ కుదరదన్నారు. గట్టిగా కూడా అనలేదు పాపం. అలా చేస్తే జైలమ్మా అని చెప్పారు.

నేను బయటకు వెంట పోయాను. ఆపు సువార్తమ్మా, ఆ పిల్లకు ఇంకా పదమూడు నిండలేదు అన్నాను. ఆమె నా మీద కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేది.

"చేను పని అయిపాయ. ఇప్పుడు యాడికి పోతామో మాకే తెల్దు. వాళ్లింట్లో ఉంటే రెండు పూట్లా తింటాది మేడమ్మా."

ఎప్పుడు అని అడిగాను. చెప్పలేదు. ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటున్నారు? మొన్నటి చేను కాదు, వేరే సైడు అంది. బస్సు వచ్చిందని పోయింది.

ఏప్రిల్ 7

పిల్లల పెళ్లిళ్లు ఆపే నంబరుకు ఫోను చేశాను. అవతల ఒక అమ్మాయి, మర్యాదగానే మాట్లాడింది. పేరు రాసుకుంది, తల్లి పేరు రాసుకుంది. ఎక్కడుందండీ అని అడిగింది. గుంటూరు అవతల అన్నాను. మండలం? తెలియదు. ఊరు? తెలియదు. ఊరి పేరు కనుక్కుని చేయండి మేడం, వెంటనే పంపిస్తాం అంది.

ఏప్రిల్ 8

సువార్తమ్మ ఇంటికి తాళం. మన చర్చి అయ్యగారికి వాళ్లున్న ఊరు తెలియదు. మేస్త్రీ నంబరు ఇప్పుడు వాడుకలోనే లేదట. పక్కింటామె చాట పక్కన పెట్టి లేచింది. ఏరు దాటి ఆ పక్క ఎక్కడో అని విన్నాను, పేరు నోటికి రావడం లేదు అంది. గుర్తు తెచ్చుకోమ్మా అన్నాను. తెచ్చుకుందామనే చూసింది. చివరికి చేయెత్తి తూర్పు వైపు చూపించింది.