సగం దూరంలో తెల్ల డబ్బా

తిరుచెంగోడు,
మంగళవారం

మామా,

నా కోడిగీతలకు, తప్పులకు ముందే మన్నించండి. ఏడో తరగతితో బడి మాని మిల్లుకు పోయినదాన్ని. తెగిన దారం ముడి వేయడం వచ్చినంత బాగా నాకు అక్షరం కలపడం రాదు. మెసేజ్ పెడదామంటే మీ ఫోను బోరు లారీలో అందరి చేతుల్లోనూ తిరుగుతుందని మీరే అన్నారు. అందుకే పైపులు వేసుకుని మీ దగ్గరికి వస్తున్న డ్రైవర్ పచ్చియప్పన్ చేత ఈ కవరూ మురుకుల డబ్బా పంపుతున్నాను. మురుకులు అందరికీ పెట్టండి. ఉత్తరం మీరొక్కరే చదివి కాల్చేయండి.

పోయిన వారం ఫోనులో మీరు, "నేనంటే ఇష్టం లేదా పూంగొడీ? గోడతో మాట్లాడినట్టుంది" అన్నారు. ఆ మాట స్పీకరులో వచ్చింది మామా. ముందుగదిలో అత్తయ్య ఉంది, ఎదురింటి వళ్ళియక్క ఉంది. ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. ఏమనాలో తోచక "ఊఁ" అన్నాను. ఇష్టం లేదా అని మొగుడు అడిగితే ఊఁ అన్న పెళ్ళాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

వళ్ళియక్క పడీపడీ నవ్వింది. "ఏమే, నీ మొగుడు రాతిలో వెయ్యి అడుగుల బోరు దించుతాడు. నీ నోట్లోంచి నాలుగు మాటలు పైకి తీయలేకపోతున్నాడా?" అంది.

ఆ రోజు నుంచి మీరు తిన్నావా, పడుకో అని పెట్టేస్తున్నారు. నాకు మాటలు లేక కాదు. మోడెం ఉన్నది ముందుగదిలో. మధ్యలో పాత ఇంటి రాతిగోడలు. కొండ కింద ఉన్న మన వెనక గదిలో వైఫై రాదు, టవరూ అందదు. ముందుగదిలో మాట్లాడితే "నాకూ వినపడనీ" అని అత్తయ్య స్పీకరు పెట్టిస్తుంది. పెళ్ళయి పద్నాలుగు నెలలైంది. ఫోనులో మీకు మాత్రమే వినపడేలా నేను ఒక్క మాటా అనలేదు.

గదిలో సిగ్నల్ లేదు అంటే కోపంగా ఏవో ఆర్డరు పెట్టారుగా, వైఫైని లోపలి గదుల దాకా అందించే ఆ రెండు తెల్ల డబ్బాలు నిన్న వచ్చాయి. అవి పని చేస్తే మీకు జవాబు చెబుతాను.

మీ
పూంగొడి


మామా,

ఈసారి రాత ఇంకా వంకరగా ఉంటుంది. కోపంలో రాస్తున్నాను. ఇదీ కాల్చేయండి.

మొదటి డబ్బాను వైరుతో మోడెంకు తగిలించాను. యాప్ అంతా ఇంగ్లీషు. కూడబలుక్కుని చదివేలోపు టైమ్ అయిపోయిందంటూ మొదటికి తీసుకుపోతుంది. మూడుసార్లు జాకెట్టు పిన్నీసుతో డబ్బా వెనక బొక్కలో పొడిచి మళ్ళీ మొదలుపెట్టాను. మోడెం కింద అంటించిన పాస్‌వర్డులో ఉన్నది సున్నానో ఓ అక్షరమో తెలియక ఒక మధ్యాహ్నం పోయింది. కేబుల్ ఆయన్ని పిలిస్తే గుమ్మంలోనే నిలబడి, "చెల్లెమ్మా, మోడెం వరకే నా పని. ఆ తెల్ల డబ్బాతో నాకు సంబంధం లేదు" అన్నాడు. పోతూ పోతూ దయతలచి ఒక మాట చెప్పాడు. నా ఫోను మోడెం పాత వైఫై పేరునే పట్టుకు వేలాడుతోందట, అది ఆపేస్తేనే కొత్తది అందుతుందట. ఆపాను.

ఇక రెండో డబ్బా. మన గదిలో పెట్టాను. ఎర్ర లైటు. కిటికీలో పెట్టాను, బీరువా మీద పెట్టాను. ఎర్ర లైటే. మీరేమో, "చిన్న డబ్బా పెట్టడం కూడా చేతకాదా?" అన్నారు. అదీ స్పీకరులోనే. అవమానంతో మాడి బొగ్గయిపోయాను.

చివరికి డబ్బాలొచ్చిన అట్టపెట్టె మీది బొమ్మ చూశాను. సిగ్నల్ లేని చోట పెడితే ఆ డబ్బాకూ ఏమీ అందదట. సగం దూరంలో పెట్టాలట. మన ఇంట్లో సగం దూరం అంటే అత్తయ్య గది. ఆవిడ మంచం పక్కనున్న ప్లగ్గు!

అడగడానికి రెండు రోజులు పట్టింది. పెట్టుకోమంది. తెల్ల లైటు వెలిగింది. మన గదిలో మూడు గీతలూ వచ్చాయి మామా, ఏడుపొచ్చింది. కానీ మీరు ఫోను చేసే వేళకు ఒక్క గీతా లేదు. వెళ్ళి చూస్తే స్విచ్చు ఆపి ఉంది. అడిగితే "ఆ లైటు కళ్ళలో గుచ్చుతోంది" అంది. మర్నాడు దాని మీద గుడ్డ కప్పాను. అయినా ఆపింది. "కరెంటు దండగ" అంది. పగలంతా వెలుగుతూనే ఉంటుంది. సాయంత్రం ఏడుకు పది నిమిషాల ముందు మాత్రం ఆరిపోతుంది. దీన్నేమనాలి? మీ అమ్మను మీరే అడగండి.

పూంగొడి


మామా,

ఇప్పుడు మీకే సిగ్నల్ లేదట! అడవిలో బోరు వేస్తున్నారని, శుక్రవారం దాకా ఫోను కలవదని పచ్చియప్పన్ ఇవాళ వచ్చి చెప్పాడు. అందుకని మళ్ళీ ఈ గీతలే.

నిన్న ఏడుకు ముందు అత్తయ్య గదిలోకి వెళ్ళి స్విచ్చుకు అడ్డంగా నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను ఆయనతో మాట్లాడితే మీకేం నష్టం అత్తయ్యా?" అన్నాను.

ఆవిడ దెబ్బ తిన్నట్టు చూసింది. తర్వాత మంచం మీద కూర్చుంది.

"నాతో వాడు మాట్లాడేదెంతే? తిన్నావా, మాత్ర వేసుకున్నావా. అంతే. నీతో మాట్లాడేటప్పుడే వాడు లారీ కబుర్లు చెబుతాడు, నవ్వుతాడు. నువ్వు తలుపేసుకుంటే నా కొడుకు నవ్వు నాకెక్కడ వినపడుతుంది?"

ఇన్నాళ్ళూ నన్ను కాపలా కాస్తోందనుకున్నాను. ఆవిడ వింటున్నది నా మాటలు కాదు మామా.

ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. మీరు ఫోను చేయగానే ముందు అత్తయ్యకు ఇస్తాను. మాత్రల సంగతి అడగొద్దు. వంటవాడు పులుసులో ఉప్పు రెండుసార్లు వేసిన కథ నాకు చెప్పారే, అలాంటివి చెప్పండి. నవ్వండి. తర్వాత ఫోను నా గదిలోకి వస్తుంది. స్విచ్చు ఆవిడ చేతిలోనే ఉంటుంది. "వాడు నన్ను నవ్వించకపోతే నీ గదిలో ఒక్క గీత ఉండదు" అని ఇప్పుడే మళ్ళీ హెచ్చరించింది.

నేను రాస్తుంటే పక్కనే కూర్చుని, "నా మీద ఎన్ని చాడీలు రాశావే?" అంటోంది. "అవి ముందు ఉత్తరంలోనే అయిపోయాయి అత్తయ్యా" అన్నాను. నెత్తిన ఒక్కటి మొట్టింది. ఈ కవరు అంటించబోయేదీ ఆవిడే. కాబట్టి దీన్ని ఉంచుకోండి, ఎవరు చూసినా ఫరవాలేదు.

ఇష్టం లేదా అని అడిగారు కదా. ఆ జవాబు మాత్రం ఇందులో రాయను. శుక్రవారం ఏడింటికి, అత్తయ్య నవ్వాక, మన గదిలోంచి చెబుతాను. మీరు స్పీకరు పెట్టకండి.

మీ
పూంగొడి