కంచె దాటిన పండు ఈగలు

బనగానపల్లె, శనివారం రాత్రి

పొద్దున పక్క తోట హుసేనమ్మ ఒక పచ్చి మామిడికాయ కోసి చూపించింది. లోపల పురుగు.

"కాయింకా పచ్చిగానే ఉండాది, అప్పుడే యాడ్నుంచి వచ్చెనమ్మా?" అంది.

అనుమానమొచ్చి మా తోట మూలకు వెళ్లాను. రాలిన కాయలను అక్కడ కుప్ప పోయించి, గుంత తీసి పూడ్చడం వారం నుంచి వాయిదా వేస్తున్నాను. కాయ కనపడనంతగా పండు ఈగలు మూగి ఉన్నాయి. గుడ్లు పెట్టే చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చోటు దొరకనివి లేచి, కంచె పక్కనున్న ఆమె చెట్టు పచ్చికాయల మీద వాలుతున్నాయి.

దాచకుండా చెప్పేశాను. "గుంత తీద్దాం పా" అంది, అంతే. సాయంత్రానికి ఇద్దరం కుప్పంతా పూడ్చేశాం. ఆమె కాయల్లో ఇంకెన్నింటిని ఈగలు కుట్టాయో తెలియదు.

వెళ్లేటప్పుడు మజ్జిగ ఇస్తే వద్దంది. రోజూ అడిగి తాగే మనిషి...