ఏబేలు పేరు కొట్టేసింది ఎవరు

మార్కాపురం,
ఏప్రిల్ 28.

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు దీనమ్మకు అన్న పాల్ రాజు వందనాలు. దేవుని కృప వల్ల నేను, మీ వదిన రెబెకా ఆరోగ్యంగానే ఉన్నాం. సికింద్రాబాదు ఎండల్లో, ఆ హాస్టల్ పొయ్యిల ముందు నువ్వు కూడా ఒళ్ళు జాగ్రత్తగా చూసుకుంటున్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. "ఫోన్లో ఏబేలు సంగతి అడిగితే నువ్వు వాన సంగతి చెప్తున్నావు, అందుకే రాస్తున్నా" అన్నావు. నిజమే. ఫోనైతే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను మధ్యలో మాట మారుస్తాను. కాగితం మీద ఆ రెండూ కుదరవు.

ముందు నీ చిన్న ప్రశ్నలకు జవాబులు. వదిన మోకాలికి కొత్త మాత్రలు ఇచ్చారు, మెట్లు ఎక్కుతోంది. నీళ్ళ ట్యాంకరు మూడు రోజులకోసారి వస్తోంది. పాస్టరు గారు మారలేదు, ప్రసంగమూ తగ్గలేదు. నువ్వు పంపిన చీర వదినకు నచ్చింది, కానీ ఈస్టరుకు కట్టుకోలేదు. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

ఇక పెద్ద ప్రశ్న. "నా కొడుకు ఫోన్ ఎందుకు ఎత్తడు? టీములోంచి తీసేశారంట గదా. వాడి పేరు కొట్టేసింది ఎవరు?"

చెప్తాను. కానీ మొదటి నుంచి చెప్పనివ్వు. నా కడుపు ఇంకా మండుతూనే ఉంది.

మన పలకల టీము ఎట్లాంటిదో నీకు తెలుసు. నాయన కాలంలో పలకల ఫ్యాక్టరీల్లో రాయి కోసేవాళ్ళు ఆదివారం ఆరాధన అయ్యాక మొదలుపెట్టిన ఆట. ఊరంతా క్రికెట్ వెంట పడినా మన పేట ఫుట్‌బాల్‌ను వదల్లేదు. ఈస్టర్ తర్వాతి వారం గిద్దలూరులో పోటీలంటే ఆ రెండు రోజులూ ఫ్యాక్టరీలో మిషన్లు తిరగవు. మనం కప్పు తెచ్చి పందొమ్మిదేళ్ళయింది. అందులో పదకొండేళ్ళు గోలు కాసినవాడు నీ కొడుకు. బావ పోయాక పద్నాలుగేళ్ళవాణ్ణి నా దగ్గర వదిలి వెళ్ళావు. వాడికి ఈ ఊళ్ళో మొదట దొరికిన మర్యాద ఆ గోలుపోస్టుల మధ్యనే.

జనవరిలో కమిటీ మారింది. రాళ్ళ లారీలు తిప్పే మాల్యాద్రి అధ్యక్షుడయ్యాడు. మనతో పనిచేసే అంకయ్య కొడుకు శ్రీను కార్యదర్శి. ఇరవై ఆరేళ్ళవాడు, వ్యాయామ విద్య చదివి వచ్చాడు. టీమును మెరుగు చేస్తామన్నారు. చేసిన మొదటి మెరుగు, చొక్కా వీపు మీద మాల్యాద్రి ఫోటో వేయించడం. నంబరు కంటే ఆయన మీసమే పెద్దది. ఆ చొక్కా వేసుకుని పరిగెత్తేవాడు మాల్యాద్రిని మోస్తున్నాడా, టీమును మోస్తున్నాడా?

ఫిబ్రవరి రెండో శనివారం పొద్దున పదకొండింటికి లిస్టును వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పదహారు పేర్లు. పేట పిల్లలు ఆరుగురు లేరు. వాళ్ళ చోట కర్నూలు నుంచి నలుగురు, నంద్యాల నుంచి ఇద్దరు. పదకొండేళ్ళుగా ఏబేలు అని ఉండే మొదటి వరసలో ఎవరో కర్నూలు కుర్రవాడి పేరు. ఏబేలు అప్పుడు కటింగ్ మిషన్ దగ్గర ఉన్నాడు. పక్కన పనిచేసేవాడు ఫోన్ చూపిస్తే తెలిసింది. దీనమ్మా, పదకొండేళ్ళు ఆడినవాడికి మనిషి ఎదురుగా వచ్చి ఒక్క మాట చెప్పే తీరిక లేకపోయిందా ఆ కమిటీకి? దుకాణంలో గుమాస్తాను తీసేసినా పిలిచి చెప్తారు.

ఆ సాయంత్రం నుంచి నాగరాజు టీ కొట్టు రెండుగా చీలిపోయింది. పందొమ్మిదేళ్ళు మనవాళ్ళే ఆడి ఏం తెచ్చారని కొందరు. కర్నూలువాళ్ళు ఈ ఏడు మనకు ఆడతారు, వచ్చే ఏడు కనిగిరి పిలిస్తే పోతారు, అప్పుడు మన పిల్లలు బూట్లు ఎందుకు కట్టుకోవాలని మేము. తెచ్చిన ఆరుగురిలో నలుగురు ముందు ఆడేవాళ్ళే, వెనక కాసేదెవరని నేను అడిగాను. టీ చల్లారిపోయేదాకా అరుచుకునేవాళ్ళం.

గొర్రెలు కాసే కాటమరాజు కమిటీ వైపు. మనిషి మెల్లగా మాట్లాడతాడు, అదే చిరాకు.

"మామా, మందలో పొట్టేలును రెండేళ్ళకోసారి మార్చాల" అన్నాడు. "సొంత మందలోదే పెట్టుకుంటే పిల్లలు బక్కగా పుడతాయి. రాచర్లకు పోయి కొత్తది తెచ్చుకుంటేనే మంద నిలబడేది."

"పాతదాన్ని ఏం చేస్తావు?"

"అమ్ముతా. ఎవురూ కొనకపోతే కోస్తాం."

"మనుషులను గూడా అట్లనే చేస్తావా కాటమరాజూ?"

అంత మాట అన్నాను కదా అని ఆ రోజంతా నాలో నేను పొంగిపోయాను.

ఇంకో సాయంత్రం ఏబేలు కూడా అక్కడే ఉన్నాడు, టీ గ్లాసు పట్టుకుని. వాడు ఉన్నాడని చూసుకోకుండా ఎవడో అన్నాడు, "ఏబేలుకు ఒళ్ళు బరువెక్కిందంట, వంగలేకున్నాడంట, శ్రీనే చెప్పినాడు" అని. ఏబేలు సగం టీ అట్లనే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆ అన్నవాడి చొక్కా పట్టుకున్నాను. అరవై రెండేళ్ళ వయసులో, పేటంతా చూస్తుండగా.

మరునాడు పొద్దున ఏబేలు ప్రాక్టీసుకు వెళ్ళాడు. లిస్టు చూడలేదా అని శ్రీను అడిగితే, చూశానని, బంతులు అందించడానికి వచ్చానని చెప్పాడట. కొత్త కీపర్ వెనక నిలబడి, బయటికి పోయిన బంతులు తెచ్చి ఇచ్చాడు. మూడు వారాలు. నేను ఒక్కరోజు వెళ్ళి చూసి, మళ్ళీ వెళ్ళలేకపోయాను.

మార్చిలో పేట జనమంతా కలిసి స్కూలు గ్రౌండులో మీటింగు పెట్టించారు. మాల్యాద్రి రాలేదు, లారీ ఎక్కడో ఆగిపోయిందట. శ్రీను ఒక్కడే కుర్చీలో కూర్చున్నాడు. అందరికంటే ముందు లేచింది నేనే.

"ఏబేలును తీసేయమని నీకు చెప్పిందెవురు? ఆ పేరు చెప్పు" అన్నాను.

శ్రీను నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిర్ణయం నాది మామా. నన్నే అడుగు" అన్నాడు.

జనం ఊరుకోలేదు. నానా మాటలూ అన్నారు. గేటు దగ్గర వాడి బండిని తన్ని అద్దం పగలగొట్టారు. ఆ రోజు నుంచి సొంత తండ్రి అంకయ్యే వాడితో మాట్లాడటం మానేశాడు, ఏబేలంటే ఆయనకు అంత ప్రేమ. పడిపోయిన బండిని లేపుకుంటూ శ్రీను ఇంకోసారి నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

దీనమ్మా, ఆ పేరు నాదే.

జనవరి చివర్లో శ్రీను మన ఇంటికి వచ్చాడు. "మామా, ముప్పై ఏళ్ళుగా ఒక్క మ్యాచీ ఇడిసిపెట్టకుండా చూసినోడివి. ఎవరిని తీయాలో నాకు తెలవట్లేదు. నువ్వు చెప్పు, నీ పేరు బయటికి రాదు" అన్నాడు. చదువుకున్న పిల్లవాడు నా ఎదుట కాగితం పట్టుకుని కూర్చున్నాడు. మీ వదిన కాఫీ తెచ్చింది. నేను కాలు మీద కాలు వేసుకుని ఆరు పేర్లు చెప్పాను. మొదటిది ఏబేలుది. వాడు రాసుకోవడం ఆపి తలెత్తాడు.

"ఏబేలన్ననా? ఎందుకు మామా?"

"వానికి ఒళ్ళు బరువెక్కింది" అన్నాను.

అది అబద్ధం. ఇప్పుడు రాసేది చదివేముందు ఎక్కడైనా కూర్చో. పోయిన దసరాకు ముందు మిషన్ దగ్గర రాతి పెచ్చు ఎగిరి ఏబేలు ఎడమ కంట్లో తగిలింది. ఇక్కడి డాక్టరు కడిగి, కట్టు కట్టి, పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళమన్నాడు. వాడు వెళ్ళలేదు. ఆ కంటికి ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. "అమ్మకు చెప్తే పని మానుకొని రమ్మంటది, టీముకు చెప్తే ఆట మానుకోమంటారు, ఎవురికీ చెప్పొద్దు మామా" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. క్రిస్మస్ మ్యాచీలో కంభం వాళ్ళు వేసిన రెండు గోల్సూ ఎడమ పక్క నుంచే వచ్చాయి. అవి ఎందుకు పోయాయో గ్రౌండులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

బంతి తగిలి ఉన్న కన్ను కూడా పోతుందన్న భయంతోనే పేరు చెప్పానని నీకు రాద్దామనుకున్నాను. రాశాను కూడా. ఆ కాగితం చించేశాను. భయం ఉన్న మాట నిజమే. కానీ శ్రీను ఎదుట ఆ పేరు చెప్పినప్పుడు నా మనసులో ఉన్నది కప్పు. నేను కన్ను మూసేలోగా ఇంకొక్కసారి అది పేటకు రావడం చూడాలనుకున్నాను. తీరా లిస్టు వచ్చి అందరూ భగ్గుమంటే, అందరికంటే గట్టిగా అరిస్తే నన్ను ఎవరూ అనుమానించరని అరిచాను. అరవగా అరవగా నాకు నిజంగానే కోపం వచ్చింది. ఇంత నీచం మనిషికి ఎట్లా చేతనవుతుందో నాకే తెలియదు.

గిద్దలూరు సంగతి చెప్పాలి. మనవాళ్ళు రెండు మ్యాచీలు గెలిచారు. ఆ కర్నూలు కుర్రవాడు మంచి కీపర్, రాచర్ల వాళ్ళ పెనాల్టీని ఒంటి చేత్తో తోసేశాడు. టీము మెరుగైందా అంటే, మెరుగైంది. కాదంటే నా నోరు పుచ్చిపోతుంది. ఫైనల్లో కనిగిరి మీద ఒక్క గోలుతో ఓడిపోయాం. వెనక కాసేవాడు లేకనే ఆ గోలు పడింది. నేను ముందే అన్నాను కదా అని చెప్పుకునే ముఖం కూడా నాకు మిగల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఆట చూడటానికి వచ్చిన ఏబేలు ఎదుటే, అందరూ మళ్ళీ శ్రీను మీద పడ్డారు. వాడు ముందు సీట్లో, చెమట చొక్కాల సంచి ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏబేలును ఉంచి ఉంటే ఈ పాపం తగిలేది కాదని వెనక నుంచి ఎవరో అంటే, వాడి మెడ వెనక నరం కదిలింది. వాడి ముఖం కాదు, ఆ మెడ చూసి నాకు కూర్చోబుద్ధి కాలేదు. కంభంలో టీకి బస్సు ఆగింది. అందరూ దిగాక చెప్పాను. లిస్టు నాదని, ఒళ్ళు బరువన్న మాట నాదని, శ్రీను మాట ఇచ్చి నిలబెట్టుకున్నాడని. ఒట్టు తప్పి కన్ను సంగతి కూడా చెప్పాను.

ఎవరూ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. కాటమరాజు తన చేతిలోని గ్లాసు కింద పెట్టి, నన్ను దాటుకుని పోయి శ్రీను పక్కన నిలబడ్డాడు. ఏబేలు రోడ్డు దాటి, మార్కాపురం పోయే ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నుంచి ఇంటికి రాలేదు. ఫ్యాక్టరీ పక్కన తోటి పనివాడి గదిలో ఉంటున్నాడు. మీ వదినకు శ్రీను వచ్చి వెళ్ళిన సంగతి మొదటి నుంచీ తెలుసు. నన్ను చెప్పమని చెప్పమని విసిగిపోయి, ఈస్టరు నాడు కొత్త చీర పక్కన పెట్టి పాతదానితోనే గుడికి వచ్చింది. ఇప్పుడు అన్నం పెడుతుంది, మాట్లాడదు.

మొన్న శనివారం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏబేలు కోసం నిలబడ్డాను. షిఫ్టు దిగి వచ్చాడు, తల నిండా పలక దుమ్ము. నన్ను చూసి ఆగాడు, అదే చాలనుకున్నాను.

"ఒళ్ళు బరువని ఎందుకు చెప్పినావు మామా? కన్ను పోయిందని చెప్పుంటే సరిపోయేది గదా."

"నువ్వే చెప్పొద్దంటివి గదరా."

"చెప్పొద్దన్నా. అబద్ధం చెప్పమన్లేదు."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. వాడు చెయ్యి విదిలించుకోలేదు, కసురుకోలేదు. పదకొండేళ్ళు ఆడి చివరికి ఆడలేనోడిగా పోయినానని పేటంతా అనుకున్నారని, అదొక్కటే ఓర్చుకోలేకపోయానని చెప్పి వెళ్ళిపోయాడు. నీ ఫోన్ ఎత్తనిది నీ మీద కోపంతో కాదు. నీ గొంతు వింటే కన్ను సంగతి చెప్పేస్తానని వాడి భయం.

కమిటీ మీద నా కోపం తగ్గలేదు. మనిషికి చెప్పకుండా ఫోన్లో పేరు కొట్టేయడం తప్పే, ఎన్ని కప్పులు తెచ్చినా తప్పే. కానీ ఆ మాట అనే హక్కు ఈ పేటలో అందరికీ ఉంది, నాకు తప్ప.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఒకటుంది. హాస్టల్లో వారం రోజులు సెలవు అడుగు. కన్ను సంగతి కంభంలో తెలిసిన మరునాడే శ్రీను కంటి ఆసుపత్రికి ఫోన్ చేసి, వచ్చే సోమవారానికి ఏబేలు పేరు రాయించాడు. ఉన్న చూపునైనా నిలబెట్టవచ్చన్నారట. నాతో అయితే రానన్నాడు ఏబేలు. అమ్మ వస్తే వస్తానన్నాడు. శనివారం రైలుకు రా. స్టేషనుకు ఏబేలు, శ్రీను ఇద్దరూ వస్తారు. నేనూ వస్తాను, ప్లాట్‌ఫారం మీద కాస్త ఎడంగా నిలబడతాను. దగ్గరికి పిలవాలో, చూడనట్టు వెళ్ళిపోవాలో నీ ఇష్టం. నువ్వు ఏది చేసినా నీ పెట్టె మాత్రం ఆటో దాకా నేనే మోస్తాను, దానికి అడ్డం చెప్పకు.

ఇట్లు,
నీ కొడుకును నీకు అప్పజెప్పలేకపోయిన
అన్న,
పాల్ రాజు