వాండా 'బోరింగ్' అనని స్లైడు

ఫార్మింగ్టన్ హిల్స్,
అక్టోబరు 14, 2006

అమ్మకు,

నీ జయంతి నమస్కారాలు. ఇక్కడ నీ అల్లుడూ నేనూ కులాసా. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, తమ్ముడు ఫణీ, మరదలూ, పిల్లలూ బాగున్నారనీ నీ ఉత్తరంలో చదివి సంతోషించాను. హాయిగా ఫోన్ చెయ్యక ఈ ఉత్తరాలేమిటని ఫణి విసుక్కుంటాడని తెలుసు. వాడికేం, నీకు సరిగా వినపడదని నేను చెప్పే ప్రతి మాటా నీ చెవి దగ్గర అరిచి చెబుతాడు. నంద్యాలలో మన వీధి వీధంతా నా సంగతులు నీకంటే ముందే వింటుంది. ఈసారి నేను చెప్పాల్సింది వీధికి కాదు, నీకు. అందుకని కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువుకో, ఎవరిచేతా చదివించుకోకు.

ముందు నీ ప్రశ్నలు. రోజంతా మైక్రోస్కోపులో చూస్తే కళ్ళు పోవా అన్నావు. కళ్ళు పోవు, మెడ పట్టేస్తుంది, అంతే. నువ్వు పంపిన తైలం నీ అల్లుడే రాస్తున్నారు, ఆ వాసనకి ముఖం పక్కకి తిప్పుకుని మరీ. ఈ చలికి పెరుగు తోడుకుంటోందా అన్నావు. ఓవెన్‌లో లైటు వేసి గిన్నె లోపల పెడితే గడ్డలా తోడుకుంటోంది. ఇక మూడోది. మీ అమ్మాయి అక్కడ ఏం చేస్తుందని ఎవరో అడిగితే రక్తపరీక్షలు చేస్తుందని చెప్పావట. రక్తం కాదమ్మా. ఒంట్లోంచి తీసిన కణాలను స్లైడు అనే గాజు పలక మీద పరిచి, రంగు వేసి మా ముందు పెడతారు. ఎక్కువగా ఆడవాళ్ళ గర్భసంచి ముఖద్వారం దగ్గర తీసినవే వస్తాయి. వాటిలో చెడిపోయిన కణం ఏదైనా ఉందేమో వెతకడం నా పని. నువ్వు బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. కాకపోతే ఇక్కడ ఒక్క రాయి వదిలేస్తే ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అనుమానం వచ్చిన కణం పక్కన గాజు మీద పెన్నుతో చుక్క పెట్టి మా డాక్టరుకి ఇస్తాను. సైటోటెక్నాలజిస్టు అనడానికి నోరు తిరగకపోతే, క్యాన్సర్‌ను ముందే పసిగట్టే ఉద్యోగం అని చెప్పు. కాస్త గొప్పగా కూడా ఉంటుంది.

నా పక్క మైక్రోస్కోపు వాండాది. రిటైర్‌మెంటు దగ్గర పడిన పోలిష్ ఆవిడ. నోటి దురుసు ఎక్కువ, మనసు వెన్న. స్లైడులో ఏ చెడూ లేకపోతే "బోరింగ్" అని పైకే అని ట్రేలో పడేస్తుంది. మా గదిలో అంతకు మించిన శుభవార్త లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నీ బోరింగ్ అయితే ఆ రోజు పండగే.

జూలైలో, ఏటా చేయించుకునే ఇదే పరీక్ష నేనూ చేయించుకున్నాను. స్లైడు మా ల్యాబ్‌కే వచ్చింది. మన స్లైడు మనం చూడకూడదు, అది మా పద్ధతి, అందుకని వాండా తీసుకుంది. నేను నా పని చేసుకుంటున్నట్టు నటిస్తూ చెవి మాత్రం అటే వేశాను. ఆవిడ చూస్తోంది, చూస్తోంది, మాట లేదు. పెన్ను తీసింది, మూత తీసింది, ఏమనుకుందో మళ్ళీ మూత పెట్టేసింది. ఆ తర్వాత స్లైడు పట్టుకుని నా వైపు చూడకుండా డాక్టరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బోరింగ్ అనలేదమ్మా. రోజూ ఎవరెవరికో వెతికేది నాలోనే దొరికిందనుకున్నాను.

మర్నాడు క్లినిక్ నుంచి నర్సు ఫోన్ చేసి, డాక్టరు ఇంకో పరీక్ష చెయ్యాలంటున్నారు, రాగలరా అంది. ఇంకో పరీక్ష అంటే ఏమిటో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అప్పుడే నీ అల్లుడికి చెప్పాను. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి, కారు తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. దారిలో ఏ సర్జన్ మంచివాడో, నువ్వు ఈ సంగతి ఎలా తట్టుకుంటావో, అన్నీ మనసులో లెక్కలు వేసేసుకున్నాను. నిన్ను తలుచుకుంటేనే ఎక్కువ ఏడుపొచ్చింది.

అక్కడికి వెళ్ళాక నర్సు నా చేతికి ఓ చిన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చి బాత్‌రూమ్ చూపించింది. నేను ఆవిడతో వాదనకి దిగాను. పొరపాటు పడ్డారు, నాకు చెయ్యాల్సింది ఈ పరీక్ష కాదు, నేను ఆ రంగంలోనే పనిచేస్తున్నాను, నాకు తెలుసు అని నా అనుభవమంతా వెళ్ళబోశాను. ఆవిడ ఓపిగ్గా విని మళ్ళీ ఆ కప్పే ఇచ్చింది.

కాసేపటికి డాక్టరు వచ్చింది. స్లైడులో ఏ చెడూ లేదట. మా ల్యాబ్ డాక్టరు మాత్రం ఫోన్ చేసి, ఈవిడకి ఒకసారి ఈ పరీక్ష చేసి చూడమన్నారట. చేస్తే తేలింది. అమ్మా, నేను గర్భవతిని.

నాకు నలభై ఒకటండీ అన్నాను, ఆవిడేదో మరిచిపోయినట్టు. నీ అల్లుడు ఇన్నేళ్ళుగా ఆఫీసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడని మనిషి, ఆ అమెరికన్ డాక్టరుని తెలుగులో అడిగారు, "నిజంగానా అండీ? ఇంకోసారి చెక్ చేసి చెప్పండి."

తిరిగి వచ్చేటప్పుడు కారు ఎంత నెమ్మదిగా నడిపారంటే, వెనక కార్లన్నీ ఊరేగింపులా వరస కట్టి హారన్లు కొట్టాయి. ఆయన పట్టించుకోలేదు.

నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు ఐదో నెల. ఇంతకు ముందు రెండుసార్లు ఆగలేక ముందే చెప్పేసి, ఆ తర్వాత అది నిలవక నిన్ను ఎంత ఏడిపించానో నాకు గుర్తుంది. ఆ తర్వాత నువ్వు పిల్లల మాట ఎత్తడమే మానేశావు. నా మనసు నొప్పించకూడదని ఎంత జాగ్రత్తపడి ఉత్తరాలు రాస్తావో నాకు తెలియదా? అందుకే ఈసారి నా వయసుకి చెయ్యాల్సిన పరీక్షలన్నీ అయ్యేదాకా నోరు విప్పలేదు. అన్నీ బాగున్నాయి. గుండె చప్పుడు కూడా విన్నాం. నెలసరి తప్పితే ఎలా తెలియలేదంటావేమో, నీకూ నలభై దాటగానే ఆగిపోయింది కదా, నాకూ అంతే అనుకున్నాను. ఇక నువ్వు తిట్టాలంటే తిట్టు. జనవరికల్లా మాత్రం ఇక్కడ ఉండాలి. వీసా సంగతి ఫణితో నేను మాట్లాడతాను. నేనేం తినాలో ఏం తినకూడదో అన్నీ రాయి, అన్నీ పాటిస్తానని మాత్రం మాట ఇవ్వను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళి వాండాని పట్టుకున్నాను. నన్ను రెండు రోజులు చంపేశావు కదా అంటే, ఆవిడ కళ్ళు తుడుచుకుని, "రిపోర్టులో రాయడానికి లేదు, నీకు చెప్పడానికి లేదు. బోరింగ్ అని అబద్ధం ఆడటం నావల్ల కాలేదు" అంది.

గర్భం నిలిచిన ఆడవాళ్ళ స్లైడులో కొన్ని కణాలు పడవ ఆకారంలో, అంచులు ముడుచుకుని, మధ్యలో పసుపు రంగుతో గుంపులుగా కనిపిస్తుంటాయి. అవి గట్టి రుజువు కాదు, అందుకే రిపోర్టులో రాయం. నా స్లైడులో వాండా చూసినవి అవే. రిపోర్టు వెళ్ళిపోయింది కాబట్టి నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి చూపించింది.

అమ్మా, ఆ పడవలు నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళలో ఎందరి స్లైడుల్లోనో చూశాను. చూసిన ప్రతిసారీ ఎవరో అదృష్టవంతురాలు అనుకుని, స్లైడు ట్రేలో పెట్టేసి, మంచినీళ్ళ వంకతో లేచి వెళ్ళి కాసేపు కారిడార్‌లో నిలబడి వచ్చేదాన్ని. ఆ రోజు లేవలేదు. కళ్ళు మసకబారేదాకా చూశాను. ఆ తర్వాత స్లైడు బయటికి తీసి, అంచు మీద ఉన్న పేరు చదువుకున్నాను. నా పేరే.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు,
జయంతి