ఆమెను తప్ప అందర్నీ

అత్తకు, గొడుగుల కంపెనీ నీడన బతుకుతున్న మేనల్లుడు నమస్కరించి రాసేది.

నన్ను మార్కెట్ పరిశోధన విభాగంలోకి మార్చారు. జనానికి ఏ గొడుగు కావాలో కనిపెట్టడం నా పని. వీధిలో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లని ప్రశ్నలు అడగాలేమోనని హడలిపోయాను. మా మేనేజరు నవ్వి, "అడగడం ఆఖరి పనయ్యా. మనకంటే ముందు ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ప్రభుత్వం లెక్కలు, పాత రిపోర్టులు, పేపర్లు, మన అమ్మకాల ఫైళ్లు ముందు చదువు. ఖర్చూ ఉండదు, కాళ్లనొప్పీ ఉండదు" అన్నారు. ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. నాలాంటి మొహమాటస్తుడి కోసమే పుట్టిన విద్య ఇది.

అందుకే అత్తా, నీ కుట్టు షాపుకు ఎదురుగా కళ్లజోళ్ల షాపులో అమ్మాయి ఉందే, ఆమె విషయంలోనూ ఇదే పద్ధతిలో పోదామనుకుంటున్నాను. నా మనసులో మాట నీకెప్పుడో తెలుసు. ఆమెను మాత్రం ఏమీ అడక్కు. చుట్టుపక్కల ఇప్పటికే ఉన్న సమాచారం పోగుచేసి పంపు. ఆమె కాదంటే నాకీ గొడుగులెందుకు, వానలెందుకు?

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: కళ్లజోడు స్క్రూ మళ్లీ వదులైంది. మీ ఊరు వచ్చినప్పుడల్లా ఆమె బిగిస్తుంది, ఇంటికి రాగానే ఊడుతుంది. మనిషి బంగారం, పనితనమే అంతంత మాత్రం. ఈ మాట ఆమెకు చెప్పకు.

*

చిరంజీవి మేనల్లుడికి, మిషను తొక్కుతూనే అత్త ఆశీర్వదించి రాసేది.

రోడ్డు దాటి అడిగితే అయిపోయేదానికి ఊరంతా తిరగమంటావు. సరే, తిరిగాను. మనసు గట్టి చేసుకుని చదువు. ఆ పిల్లకు సంబంధం కుదిరిందని మందుల షాపాయన అన్నాడు. పెళ్లికొడుక్కి సిటీలో ఉద్యోగమట, గది ఖాళీ చేస్తుందేమోనని ఆమె అద్దెకుండే ఇంటావిడ దిగులుపడింది. పోస్టాఫీసావిడైతే "అబ్బాయి బుద్ధిమంతుడే గానీ నోట్లో నాలుక లేదట" అని కూడా చెప్పింది.

బెంగపెట్టుకుని తిండి మానేయకు నాయనా.

ఆశీస్సులతో,
అత్త

తా.క.: ఆ నోట్లో నాలుక లేని వెధవ ఎవడో గానీ, కనిపిస్తే కత్తెర పుచ్చుకుని వెంటపడతాను.

*

అత్తకు, ఏం రాయాలో తోచని మేనల్లుడు నమస్కరించి రాసేది.

మూడు చోట్ల ఒకే మాట వచ్చిందంటే నమ్మాల్సిందే. నిప్పు లేనిదే పొగ రాదు. మొన్న ఆఫీసులో పసుపు గొడుగుల సంగతీ ఇలాగే తేల్చాను. మూడు పాత రిపోర్టులూ పసుపు గొడుగు ఎవరూ కొనరన్నాయి, తయారీ ఆపేయమని రాసిచ్చాను. ఇప్పుడు నా ఆశ కూడా ఆపేసుకుంటున్నాను. ఆమె సుఖంగా ఉంటే చాలు. ఇలా రాశానే గానీ, నాకు చాలా బాధగా ఉంది అత్తా.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: స్క్రూ పూర్తిగా ఊడిపోయింది. దారం కట్టుకున్నాను. ఇక ఏ షాపుకూ వెళ్లను.

*

తెలివిమాలిన మేనల్లుడికి, అత్త ఆశీర్వాదాలూ చీవాట్లూ కలిపి రాసేది.

దారం కట్టుకున్నావని చదివాక కూర్చోలేకపోయాను. "ఆ మాట నీకెవరు చెప్పారు?" అని ఒక్కొక్కరినీ నిలదీశాను. మందుల షాపాయన ఇంటావిడ పేరు చెప్పాడు. ఇంటావిడ పోస్టాఫీసావిడ పేరు చెప్పింది. పోస్టాఫీసావిడ నన్ను ఎగాదిగా చూసి, "అదేంటక్కా, నువ్వే కదా చెప్పావు!" అంది.

నిజమేరా, అన్న సంగతే మర్చిపోయాను. కిందటిసారి నువ్వొచ్చి ఆ షాపు వైపు గుడ్లప్పగించి చూస్తుంటే, ముచ్చటేసి ఆవిడతో అన్నాను: "ఆ పిల్లకు సంబంధం కుదిరినట్టే. సిటీలో ఉద్యోగం, బుద్ధిమంతుడు, నోట్లో నాలుకే లేదు." అదెవరనుకున్నావు? నువ్వే! ముందే పేరు బయటపెడితే సిగ్గుపడి పారిపోతావని చెప్పలేదు. అవి మూడు నోళ్లు కావు, నా ఒక్క నోరే ఊరు చుట్టి వచ్చింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అడగందే అమ్మయినా పెట్టదు. ఇక నువ్వే అడుగు.

ఆశీస్సులతో,
అత్త

తా.క.: వెధవ అన్నందుకు ఏమీ అనుకోకు. కత్తెర మాట కూడా మర్చిపో.

*

అత్తకు, బతికి బయటపడ్డ మేనల్లుడు నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం చదవగానే ఆ మూడు రిపోర్టులూ మళ్లీ ముందేసుకున్నాను. రెండు రిపోర్టులు మూడోదాన్ని చూసి ఎక్కించినవే! ఆ మూడోది గొడుగులకు నల్లగుడ్డ అమ్మే కంపెనీ రాయించుకున్నది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో చూడకుండా నేను సంతకం పెట్టేశాను. వెళ్లి మేనేజరుకు చెబితే బాగా తిట్టి, "ఉన్నవన్నీ చదివాక కూడా తేలనిదాన్ని మనిషిని అడగాలయ్యా. వెళ్లి అడుగు" అన్నారు. ఆయన పసుపు గొడుగుల గురించే అన్నారు. నేను రెండింటికీ అన్వయించుకున్నాను.

దీంతో ఒక చీటీ పెడుతున్నాను. రోడ్డు దాటి ఆమెకు ఇవ్వు. ఉన్నది ఒక్క వాక్యమే అయినా రాయడానికి ఆదివారమంతా పట్టింది.

ఇట్లు,
నీ మేనల్లుడు

తా.క.: చీటీ చదవకు. చదివినా పోస్టాఫీసావిడకు చెప్పకు.

*

గొడుగుల కంపెనీవారికి, కళ్లజోళ్ల షాపు నుంచి నమస్కారం.

"మీకు నేను ఇష్టమేనా?" అన్న మీ చీటీ అందింది. మీ అత్తగారు ఇచ్చి, నేను చదివేదాకా కదల్లేదు. ఇష్టమే.

నాకు సంబంధం కుదిరిందని ఊళ్లో అందరూ నాకే చెప్పారు. ఎవరితోనో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ ఎవరో మీరు కాదేమోనని ఏడ్చాను కూడా. ఇంతమందిని అడిగించేబదులు నన్నొక్క మాట అడగకూడదూ?

దారం విప్పేసి తొందరగా రండి. వచ్చేటప్పుడు నాకో పసుపు గొడుగు తీసుకురండి. ఎంత వెతికినా ఎక్కడా దొరకడం లేదు.

ఇట్లు,
మీరు అడగని మనిషి

తా.క.: నా పనితనం అంతంత మాత్రమని రాశారట. మీ అత్తగారి నోటి సంగతి మీకు తెలిసిందేగా. గట్టిగా బిగిస్తే మళ్లీ రారేమోనని, ఆ స్క్రూ ప్రతిసారీ కాస్త వదులుగా వదిలిపెట్టింది నేనే.