మూడొందల డెబ్బై గంటల ఆయిల్

19 సెప్టెంబరు 2011, సోమవారం

మళ్ళీ కోత. తెలంగాణ కోసం గనుల్లోనూ సమ్మె... బొగ్గు లేదు, కరెంటు లేదు. యూనివర్సిటీ బయాలజీ బిల్డింగు వెనక మా జనరేటరు రోజుకు పన్నెండు గంటలు మోగుతోంది. ఇంజన్ ఆయిల్ రెండొందల యాభై గంటలకు మార్చాలి. మూడొందలు దాటింది. మార్చాల్సిన ఆపరేటరు యాదగిరి వారంగా గేటు దగ్గర సమ్మె టెంటులో. స్టోరుకు తాళం.

20, మంగళ

బ్లాటింగ్ కాగితం మీద ఒక చుక్క వేసి చూశాను. మంచి ఆయిలైతే గోధుమరంగులో చుట్టూ పాకుతుంది. ఇది తారులా నడుమే కూర్చుంది. వేళ్ళ మధ్య రుద్దితే సన్నటి గరుకు — లోపల లోహం అరుగుతోంది. మా పై ఇంజనీరు గారికి చూపించాను.

"మచ్చ చూసి బిల్డింగుకు కరెంటు ఆపమంటారా? సమ్మె అయ్యాక చూద్దాం."

సమ్మె ఎప్పుడవుతుందో ఈయనకు ఎవరు చెప్పారు!

21, బుధ

క్యాంపస్‌లో పోలీసుల బాష్పవాయువు. తార్నాకలో ఇంటికి నడిచే వచ్చాను. కళ్ళు ఇంకా మండుతున్నాయి.

22, గురు

టెంటుకు వెళ్ళాను. నన్ను చూసి యాదగిరి లేచి నిలబడ్డాడు. పదకొండేళ్ళు ఆ ఇంజన్‌ని చూసుకున్న మనిషి. ఆయిల్ సంగతి చెప్పాను.

"నేనొచ్చి చెయ్యి పెడితే మావోళ్ళకు మొహం ఎట్ల చూపెట్టాలె మేడమ్? మీరు ఆయిల్ తెచ్చుకోండ్రి. ఫోన్‌ల ఒక్కొక్కటి చెప్త. గంట పని."

23, శుక్ర

అంబర్‌పేట్‌లో సగం దించిన షాపు షట్టరు కింద వంగి, ఇరవై లీటర్ల డబ్బా, ఫిల్టరు తెచ్చాను. ఇంజన్ ఒక్క గంట ఆపడానికి పై ఇంజనీరు గారిని పర్మిషన్ అడిగితే — "సోమవారం."

పరిశోధన చేస్తున్న స్వరూప వచ్చింది. పొద్దున ఊరేగింపులో నినాదాలిచ్చిన గొంతు, బొంగురు. పల్లెలు తిరిగి సేకరించిన రక్త నమూనాలు, ఐదేళ్ళ కష్టం, ఈ జనరేటరు మీద నడిచే ఫ్రీజర్లో ఉన్నాయి.

"ఒక్క గంటకేం కాదు మేడమ్. తలుపు ఎవ్వల్ని తెరవనియ్య. మీరు ఆపుండ్రి."

ఆపలేదు. పర్మిషన్ కాగితం కోసం ఆగాను.

25, ఆదివారం

మధ్యాహ్నం రెండింటికి, ఆ ఆయిల్‌తో మూడొందల డెబ్బై గంటలు తిరిగాక, ఇంజన్ పట్టేసింది. ముందు కీచుమని అరుపు, తర్వాత కాలిన వాసన, తర్వాత ఏమీ లేదు. సీల్ తీయని డబ్బా పక్కనే.

ఐసు వేసిన థర్మకోల్ పెట్టెలతో స్వరూప, నేను రెండు ఆటోల్లో తార్నాకలోని ల్యాబుకు. ఆటోలు దొరికేసరికే చీకటి పడింది; సగం పైగా కరిగిపోయాయి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గొట్టాల మీద పేర్లు చదువుకుంటూ కూర్చుంది.

26, సోమ

యాదగిరి వచ్చాడు. పనికి కాదట, చూడటానికి. చల్లబడిన ఇంజన్ మీద చెయ్యి వేసి... "నేనున్నా గిట్లనే ఐతుండెనా మేడమ్?"

లాగ్‌బుక్‌లో, సమ్మెకు ముందే, "ఆయిల్ కావాలి" అని మూడుసార్లు రాసి ఉంది. యాదగిరి చేతి రాత. ఎవరూ పట్టించుకోలేదు. నేనూ ఒకసారి సంతకం పెట్టి ఊరుకున్నాను.

28, బుధ

ఇంజన్ ఎందుకు పోయిందో రిపోర్టు ఇచ్చాను. పై ఇంజనీరు గారు పిలిచి తిరిగిచ్చారు.

"కారణం దగ్గర ఆపరేటరు నిర్లక్ష్యం అని రాయండి. ఎలాగూ సమ్మెలో ఉన్నాడు." తర్వాత గొంతు తగ్గించి — "మీరు మన గుంటూరు వైపే కదండీ?"

ఇంట్లో మా ఆయనా అంతే. "నీకెందుకు? రాసిచ్చెయ్."

29, గురు

మళ్ళీ అదే రిపోర్టు ఇచ్చాను. ఆయిల్ సమయానికి ఇవ్వలేదు, ఇంజన్ ఆపడానికి అనుమతి ఇవ్వలేదు, అనుమతి లేకుండా ఆపే ధైర్యం నేను చేయలేదు. చదివి సొరుగులో పడేశారు. ఏం చేస్తారో చెప్పలేదు.

సాయంత్రం యాదగిరి ఫోన్.

"రాసిండ్రా?"

"రాశాను."

"నా పేరున్నదా?"

"మూడుసార్లు అడిగావని ఉంది."

అటువైపు టెంటులో డప్పులు.

"ఎన్నడో ఒకనాడు సమ్మె అయిపోతది మేడమ్. గా సారు కిందనే డ్యూటీ చెయ్యాలె కదా... నేనేమో గాని, మీరెట్ల చేస్తరు?"

ఫోన్ పెట్టి, రిపోర్టు నకలు ఒకటి లాగ్‌బుక్‌లో, అతని మూడో రాత పక్కన, అంటించాను.